రెండు సంచుల బియ్యం

జీవరత్నం అసూయపరురాలని ఎవరైనా అంటే జగ్గయ్యపేటలో నమ్మేవాళ్లు లేరు. ఆవిడా నమ్మేది కాదు. యాభై రెండేళ్లు వచ్చేదాకా అసూయపడాల్సిన అవసరం రాలేదు మరి. పోటీ లేనంతకాలం అందరూ మంచివాళ్లే.

అక్కడి చర్చి యువజన సంఘానికి పద్నాలుగేళ్లుగా ఆవిడే పెద్ద. సంఘమంటే నాలుగు పాటలు పాడుకుని ఇళ్లకు పోయేది కాదు. శనివారం వచ్చిందంటే పాతికమంది పిల్లలు, ఆడా మగా కలిసి, నీళ్లు మోసేవారు, కూరలు తరిగేవారు, గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కించేవారు. వండింది పట్టుకెళ్లి ఆసుపత్రి వరండాలో రోగులకు తోడు వచ్చి పడివున్నవాళ్లకు, సత్రం అరుగుల మీద దిక్కులేని ముసలివాళ్లకు వడ్డించి వచ్చేవారు. మగపిల్లలకు గరిటెలివ్వడమేమిటని పెద్దలు మొదట్లో మూతులు విరిచారు. "తినేటప్పుడు మగాడు మానేస్తున్నాడా ఏం?" అని జీవరత్నం ఒక్క మాట అడిగేసరికి విరిగిన మూతులన్నీ సర్దుకున్నాయి.

ఆవిడకు భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మిషను వారి ఆడపిల్లల బోర్డింగులో వంట చేసి బతుకుతోంది. వారానికి ఆరు రోజులు జీతానికి వండేది, ఏడో రోజు దేవుడికి వండేది. తనకంటూ ఉన్నదల్లా ఆ ఏడో రోజే.

ఆ వంటకు బియ్యం ఎక్కడివంటే, పిడికెడు బియ్యం అని సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన చిన్న కుండ ఉంటుంది. ఇల్లాలు పూటకు బియ్యం కొలుచుకునేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి, దేవుడి పేరు చెప్పి అందులో వేస్తుంది. శనివారం పొద్దున్నే పిల్లలు ఇంటింటికీ తిరిగి ఆ కుండలు వంచుకొస్తారు. జీవరత్నం వాళ్లకు రెండు సంచులిచ్చి పంపేది. ఒకటి నీలం అంచుది, ఒకటి అంచులేనిది. ఫలానా ఇళ్లవి ఇందులో, ఫలానా ఇళ్లవి అందులో అని చెప్పేది. ఎందుకో చెప్పేది కాదు. అడగందే చెప్పే అలవాటు ఆవిడకు లేదు, ఆవిణ్ని అడిగే ధైర్యం పిల్లలకు లేదు.

ఆ సంచులు ఆరేళ్లపాటు మోసిన పిల్ల సలోమి. తల్లి లేని పిల్ల, బోర్డింగులో పెరిగింది. ఎసరు శబ్దం విని నీళ్లు ఎంత మరిగాయో చెప్పడం దగ్గర్నుంచి, మూడు వందల మందికి ఉప్పు చేత్తో ఎత్తి వెయ్యడం దాకా జీవరత్నం దగ్గరే నేర్చుకుంది. తర్వాత ట్రైనింగు అయింది, పెళ్లయింది, నందిగామ బడిలో టీచరమ్మ అయింది. పోయినేడు కార్తీకంలో అక్కడి చర్చిలో తనూ ఒక యువజన సంఘం పెట్టి, వంట మొదలుపెట్టింది. ఆ కబురు విన్న రోజు జీవరత్నం నిజంగానే సంతోషించింది. "మన పిల్లే" అని నలుగురికీ చెప్పుకుంది.

అట్లా ఒక నెల చెప్పుకుంది. తర్వాత చెప్పడం మానేసి వినడం మొదలుపెట్టింది. నందిగామ నుంచి బస్సు దిగిన ప్రతివాడూ సలోమి కబురు మోసుకొచ్చేవాడు. కోర్టు పనికి పోయినవాడు, ఎరువులకు పోయినవాడు, చుట్టాన్ని చూడబోయినవాడు, అందరిదీ ఒకటే పాట. సలోమి టీచరు దగ్గర నలభైమంది పిల్లలట. సలోమి టీచరు నవ్వుతూ పని చెప్తుందట. వండేటప్పుడు పాటలు పాడిస్తుందట. జీవరత్నం ఇన్నేళ్లుగా గుండిగ దగ్గర నోరు మెదపనిచ్చింది లేదు. తుంపర్లు పడతాయని.

ఆవిడ సంఘంలో బుల్లిబాబని ఇరవయ్యేళ్ల కుర్రాడున్నాడు. గంజి వార్చడంలో వాడి తర్వాతే ఎవరైనా. ఆవిడకు వాడంటే ప్రాణం. ఓ శనివారం వాడు ఉల్లిపాయలు తరుగుతూ, "నందిగామలో పాడుకుంటా వండుతారంటండీ. అన్నం భలే కుదురుద్దంట" అన్నాడు.

"పాడితే ఉడకదురా, మంటపెడితే ఉడుకుద్ది" అంది జీవరత్నం.

మాట బాగానే ఉంది, పిల్లలు నవ్వారు కూడా. కానీ ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు. తను నేర్పిన చెయ్యే తన చేతిని మించిపోతోందా అన్న ఆలోచన పట్టుకుంది. గురువుకు శిష్యుడు మించితే గర్వమని పెద్దలు చెప్తారు గానీ, ఆ పెద్దల్లో ఎవరికీ గరిటె చేతిలోంచి జారిపోతున్న అనుభవం ఉండివుండదు.

ఆ మంట మీద నూనె పోసింది పాస్టరు ఇశ్రాయేలు గారు. ఆయన ఒక ఆదివారం పేటలో, ఒక ఆదివారం నందిగామలో ఆరాధన జరిపేవారు. మంచివారు. మంచివారితో వచ్చే చిక్కే అది, ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో చూసుకోరు. మాఘమాసంలో ఒక ఆదివారం ప్రసంగపీఠం మీద నిలబడి ఆయన ఇలా అన్నారు.

"నందిగామ పిల్లలు పిడికెడు బియ్యానికి ఒకే సంచి పెట్టుకున్నారు. సలోమమ్మ నాతో ఏమన్నదో తెలుసా? 'అయ్యగారూ, మా పేటలో రెండు సంచులుండేయి. కూలోళ్ల బియ్యం ఒకదాంట్లో, ఉద్యోగస్తుల బియ్యం ఒకదాంట్లో. మోసేటప్పుడు నా మనసు చివుక్కుమనేది. నేను పెద్దయ్యాక ఒకే సంచి పెట్టాలనుకున్నా' అంది. క్రీస్తునందు కూలివాడి బియ్యమనీ గుమాస్తా బియ్యమనీ ఉందా?"

చర్చిలో తలలన్నీ జీవరత్నం వైపు తిరిగాయి. ఆవిడ ఒళ్లంతా సెగ కమ్మింది.

ఆ రెండు సంచుల సంగతి ఏమిటంటే, కూలివాళ్లకు కోతల్లో కూలి వడ్లు వస్తాయి. సంక్రాంతి దాటితే వాళ్ల ఇళ్లలో ఉండేవి ఆ కొత్త బియ్యమే. బడిపంతుళ్లూ గుమాస్తాలూ కొట్లో కొనుక్కునేవి పాత బియ్యం. కొత్తవి ఇట్టే ఉడికి మెత్తబడతాయి, పాతవి ఎక్కువ నీళ్లు తాగి నిదానంగా ఉడుకుతాయి. రెండూ ఒకే గుండిగలో పడితే కొత్తవి చిమిడిపోతాయి, పాతవి పలుకుగా మిగిలిపోతాయి. అందుకని రెండు సంచులు. అంతకు మించి ఏమీ లేదు.

లేచి ఆ మాట చెప్తే పోయేది. చెప్పలేదు. అంతమందిలో తనను ఎక్కువతక్కువలు చూసే మనిషిని చేసిన పిల్లకు, తను సంజాయిషీ చెప్పుకోవాలా? కోపం వస్తే నోరు కుట్టేసుకోవడం జీవరత్నానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. పైగా పాస్టరు గారు చివర్లో ఇంకో మాట అన్నారు. ఈస్టరు పండుగ నాటికి పేట సంఘాన్నీ నందిగామ సంఘాన్నీ కలిపి ఒకటి చేస్తారట. దానికి ఒక్కరే పెద్ద. ఎవరన్నది ప్రార్థన చేసి నిర్ణయిస్తారట.

జీవరత్నానికి ప్రార్థనతో పనిలేకుండానే అర్థమైపోయింది. ఏడో రోజు కూడా పోతుంది.

తర్వాతి వారం పెనుగంచిప్రోలులో మున్నేటి ఒడ్డున పూరిళ్ల వరస తగలబడింది. ఎండుగాలి, మిట్టమధ్యాహ్నం, ఒక పొయ్యిలోంచి లేచిన రవ్వ. గంటలో నలభై కొంపలు బూడిదయ్యాయి. కూలోళ్లవి, చేనేత వాళ్లవి, దూదేకుల వాళ్లవి, అన్నీ పోయాయి. ప్రాణాలు దక్కాయి గానీ గింజ మిగల్లేదు. పాస్టరు గారు రెండు సంఘాలనూ రమ్మన్నారు. అన్నం నందిగామ వాళ్లు వండాలి, వాళ్ల సంచి నిండుగా ఉంది. పప్పూ పులుసూ పేట వాళ్లు చూసుకోవాలి.

అంటే జీవరత్నం సలోమికి సాయం.

ఊరి బయట మామిడితోటలో పొయ్యిలు తవ్వారు. రెండు వందలమంది చెట్ల కింద కూర్చుని ఉన్నారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి వాళ్ల కడుపుల్లో పడింది ఊరివాళ్లు పంచిన మజ్జిగా మరమరాలే. సలోమి జీవరత్నాన్ని చూడగానే పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"వందనాలమ్మా. మీరొచ్చారు, ఇంక నాకు భయం లేదు."

"వందనాలు" అంది జీవరత్నం. చేతులు వెనక్కి తీసుకుంది.

నందిగామ వాళ్ల గోనెసంచి పొయ్యి పక్కనే మూతి విప్పి ఉంది. జీవరత్నం అటువైపు వెళ్తూ, అలవాటు చొప్పున మణికట్టు దాకా చెయ్యి పెట్టింది. ముప్పయ్యేళ్లుగా బియ్యంలో నలిగిన చెయ్యి అది. కొన్ని గింజలు వేళ్లకు చల్లగా, కాస్త చెమ్మగా తగిలాయి. కొన్ని పొడిపొడిగా జారిపోయాయి. నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. రెండు పంటి కింద మెత్తగా నలిగాయి, రెండు టక్కున విరిగాయి. సగానికి సగం కలిసిపోయి ఉన్నాయి. కార్తీకంలో, మార్గశిరంలో అందరిళ్లలోనూ పాతబియ్యమే కాబట్టి ఒకే సంచి నడిచింది. కొత్తవి సగానికి వచ్చాక ఇప్పుడు నడవదు.

సలోమీ, ఇవి ఇట్టా వండకూడదే అనబోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే చెట్ల వెనక నుంచి పాట లేచింది. నందిగామ పిల్లలు నీళ్లు మోస్తూ పాడుతున్నారు. వాళ్ల మధ్య, అందరికంటే గట్టిగా గొంతెత్తి పాడుతున్నది బుల్లిబాబు. ఇన్నేళ్లలో వాడు అంత హాయిగా ఉండగా ఆవిడ చూడలేదు.

జీవరత్నం చెయ్యి బయటికి తీసింది. చీర చెంగుకు తుడుచుకుంది. పప్పు పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఉడకనీ, చూద్దాం అనుకుంది. పాటలు పాడితే ఉడుకుతుందిగా అని కూడా అనుకుంది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ క్షణాన ఆవిడకు చెట్ల కింద కూర్చున్న రెండు వందలమంది కనిపించనే లేదు.

గుండిగ ఉడికింది. వార్చే వేళకు సలోమి మెతుకు పట్టి చూసింది. ఒకటి వేళ్ల మధ్య పేస్టులా అయిపోయింది, ఇంకోటి రాయిలా ఉంది. ఇంకో చోట చూసింది. అదే వరస. ఇంకాసేపు ఉంచితే చిమిడిపోయినవి అడుగంటడం మొదలైంది. మాడు వాసన తోటంతా కమ్మేసింది. పాట ఆగిపోయింది. ఆకలికి ఆగలేక ముందు వరసలో వాళ్లు వడ్డించమని కేకలు పెడితే, పిల్లలు బెదిరిపోయి పై పైన తీసి వడ్డించేశారు.

జైబున్నీసా అని ఒక ముసలామె మొదటి విస్తరి ముందు కూర్చుని ఉంది. దూదేకుల మనిషి, ఇల్లు తగలబడేటప్పుడు ఆమెను మంచంతో సహా మోసుకొచ్చారట. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. తర్వాత దోసిట్లోకి ఉమ్మి, దానివైపే చూస్తూ కూర్చుంది.

వడ్డన చూడబోయిన జీవరత్నంతో, తిట్టకుండా, కోపం లేకుండా అంది. "సగం అన్నం, సగం బియ్యం పెట్టారు గదమ్మా. పళ్లు లేనిదాన్ని. అన్నమైతే మింగుతా, బియ్యం ఎట్టా నమిలేది?"

ఆమె పక్కన కూర్చున్న మనవరాలు ఆ మెతుకులే గబగబా మింగి దగ్గుతోంది.

జీవరత్నానికి మొట్టమొదటిసారి అక్కడ మనుషులు కనిపించారు. ఈ పలుకులు సలోమికి గుచ్చుకోవాలని కదా తను ఊరుకుంది. గుచ్చుకున్నది ఈ ముసలిదాని చిగుళ్లకు.

"బుల్లిబాబూ, విస్తళ్లలోది ఎవర్నీ తిననియ్యొద్దు. వేడినీళ్లు పట్రా" అని లేచింది. ఆవిడ గొంతు వినగానే రెండు సంఘాల పిల్లలూ ఒక్కటిగా కదిలారు. పప్పులో ఇంకా చింతపండు వెయ్యలేదు, అదే మేలైంది. పులుపు పడితే పలుకు ఇక చచ్చినా ఉడకదు. అడుగు కదపకుండా పై అన్నాన్ని రెండు గుండిగల్లోకి మార్పించింది. పప్పు మొత్తం అందులోకి ఒంపించింది. నీళ్లు పోయించి, మంట తగ్గించి, మూతల మీద నిప్పులు వేయించి కూర్చుంది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా చెట్ల కింద పసిపిల్లలు ఏడ్చిన ఏడుపు ఆవిడ ఒక్కటీ వదలకుండా విన్నది.

తయారైంది అటు అన్నమూ కాదు, ఇటు పులగమూ కాదు. జైబున్నీసా ఒక ముద్ద మింగి, "కిచిడీ" అంది. రెండోసారి పెట్టించుకుంది.

భోజనాలయ్యాక పాస్టరు గారు అందరి ముందూ జీవరత్నం చెయ్యి పట్టుకుని, "ఈవేళ జీవరత్నమ్మ లేకపోతే మన సంఘం పరువు మున్నేట్లో కలిసేది. ఈస్టరుకు వేరే ప్రార్థనేమీ అక్కర్లేదు. పెద్ద ఎవరో దేవుడే చూపించాడు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సలోమి కూడా కొట్టింది. అందరికంటే ముందు కొట్టింది.

కోరుకున్నది దక్కింది. అదీ సగం అన్నం, సగం బియ్యంలాగే ఉంది.

మున్నేటి ఇసకలో గుండిగలు తోముతుంటే సలోమి వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు మసి గీకింది.

"తప్పు ఎక్కడ జరిగిందమ్మా? నీళ్లు సరిగ్గానే పెట్టా."

"బియ్యం కలిసినయ్. పాతవీ కొత్తవీ."

సలోమి చేతిలో కొబ్బరిపీచు ఆగిపోయింది. మెల్లగా అర్థమైంది. "అయితే ఆ రెండు సంచులూ అందుకా? ఆరేళ్లు మోశా. నేను వేరేగా అనుకున్నానమ్మా. అయ్యగారితో కూడా..."

"తెలుసు. చర్చిలో విన్నా."

"నన్ను క్షమించండమ్మా. నా నోరు పడిపోను."

జీవరత్నం క్షమించేదానిలా కూర్చుంది. ఆ కూర్చోవడం తనకే సిగ్గనిపించింది.

సలోమి మళ్లీ గుండిగ అందుకుని తోముతూ, మామూలుగా, ఏమీ ఆలోచించకుండా అంది. "మీరు సంచిలో చెయ్యి పెట్టి చూశారు గదమ్మా. నేను నీళ్లు పోయిస్తా అటే చూస్తన్నా. మీరేమీ అనకుండా పోయారు. అమ్మ చెయ్యి పడింది, ఇంక బియ్యానికి ఢోకా లేదనుకుని ఎసట్లో పోయించేశా."

అన్న తర్వాత తన మాట తనకే వినపడినట్టుంది. చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. తలెత్తి జీవరత్నం ముఖంలోకి చూసింది. జీవరత్నం చూపు తిప్పుకుంది. ఇద్దరూ మిగతా గుండిగలు తోమేశారు. బస్సు వచ్చింది. ఒకరు అటూ ఒకరు ఇటూ వెళ్లిపోయారు.

ఆ ఆదివారం పేట చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ జీవరత్నం లేచి నిలబడింది. ఇన్ని రోజులుగా మింగుడుపడని ముద్దను కక్కేయాలని వచ్చింది.

"పెనుగంచిప్రోలులో అన్నం పాడుచేసింది సలోమి కాదండి, నేను. బియ్యం కలిసినయ్యని నాకు ముందే తెలుసు. తెలిసి ఊరుకున్నా."

పాస్టరు గారి కళ్లు చెమర్చాయి. "చూశారా తగ్గింపు, ఎంత వినయమో? శిష్యురాలి తప్పును తన నెత్తిన వేసుకుంటోంది" అన్నారు. "ఆమెన్" అంది సంఘం.

"తగ్గింపు కాదండీ అయ్యగారూ, అసూయ. పిల్లను చూసి ఓర్వలేకపోయా."

"ఆమెన్" అన్నారు, ఈసారి ఇంకా గట్టిగా. వెనక బెంచీలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు కూడా. పద్నాలుగేళ్లు మంచిదానిలా బతికితే ఇదీ ఫలితం, నిజం చెప్పినా నమ్మరు. జీవరత్నం కూర్చుండిపోయింది. మరుసటి ఆదివారం పాస్టరు గారు ఆ తగ్గింపునే నందిగామలో ప్రసంగం చేశారు. సలోమి మొదటి వరసలో కూర్చుని విందట. అందరూ ఆమెన్ అంటే తను మాత్రం అనలేదట. ఆ సంగతి కూడా బస్సు దిగినవాడే చెప్పాడు. ఇది తగ్గింపు కాదని తెలిసిన మనిషి లోకంలో ఒక్కతి ఉంది, అదీ ఆ పిల్లే అని జీవరత్నం అనుకుంది.

మూడో శనివారం మళ్లీ పెనుగంచిప్రోలు వంట. కాలిన చోట కొత్త పాకలు లేస్తున్నాయి. సలోమి వస్తుందో రాదో అని జీవరత్నం పొద్దుటి నుంచి బాట వైపు చూస్తూనే ఉంది. రాకపోతే బాగుండుననీ అనుకుంది, వస్తే బాగుండుననీ అనుకుంది.

సలోమి వచ్చింది. వెనక ఇద్దరు పిల్లలు రెండు సంచులు మోసుకొచ్చారు. ఒకదానికి నీలం గుడ్డపేలిక కట్టి ఉంది. సంచులు తెచ్చి జీవరత్నం ముందు దించి, మూతులు విప్పించింది. వందనాలు చెప్పింది గానీ ఈసారి చేతులు పట్టుకోలేదు.

"చూడండమ్మా" అంది. "చెయ్యి పెట్టిన తర్వాత ఈసారి నోరు కూడా విప్పండి."

చుట్టూ ఉన్న పిల్లలు అదేదో హాస్యమనుకుని నవ్వారు. సలోమి నవ్వలేదు. జీవరత్నం ఒక సంచిలో చెయ్యి పెట్టింది, తర్వాత రెండోదాంట్లో. ఒకటి పూర్తిగా పాత. ఒకటి పూర్తిగా కొత్త. ఒక్క గింజ కలవలేదు. తను ఏరినా ఇంత బాగా ఏరేది కాదు. ఆ సంగతి తెలియగానే లోపల ఎక్కడో పాత మంట మళ్లీ చురుక్కుమంది. పోలేదది, ఎక్కడికి పోతుంది.

"బాగున్నయ్" అంది.

ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకు పట్టినంతసేపు పాతబియ్యం ఉడకడానికి కూడా పట్టదు.